ఆ ఫోను ఎవరిది?



మాది ఉదయగిరి. రోజీ కోసం బెంగళూరులో వెబ్‌సైట్లు కడుతుంటాను. పోయిన రంజాన్‌కు ఊరికొస్తే, ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఎదిరించే ఒక చిన్న సంస్థ వాళ్లు సైటు చేసిపెట్టమన్నారు. పైసలేమీ లేవు, ఖిద్మత్‌గా చెయ్యాల. "సదఖా అంటే పైసలే ఇయ్యాలని లేదు బేటా, హునర్ కూడా ఇయ్యొచ్చు" అనింది అమ్మీ.

తరావీహ్ అయ్యాక కూర్చుని రెండు రాత్రుల్లో ఫారం తయారుచేశా. పేరు, తండ్రి లేదా భర్త పేరు, ఫోను నెంబరు. నెంబరుకు ఓటీపీ పోతుంది, అది కొడితేనే ఫిర్యాదు చేరుతుంది. ఝూటా ఫిర్యాదులు రావని నా ధీమా.

ఖాలా కూతురు, మా ఆపా, మా ఊరి కర్ర చెంచాలకు ఆకురాయి పట్టే పని చేస్తుంది. ఆమెకు ఫఖర్‌గా చూపించా. చూసి ఒకటే అడిగింది: "నెంబరు వస్తది అంటివే, ఆ ఫోను ఎవరిది?"

వాళ్లింట్లో ఉండేది ఒక్క ఫోను. పగలు దుల్హేభాయి జేబులో, రాత్రి కొడుకు చేతిలో. మెసేజి ఆమెకంటే ముందు వాళ్లు చదువుతారు. నా దగ్గర జవాబు లేదు.

"నేను ముందు చేసిన కార్ఖానా ఎందుకు మానేసినానో నీకు తెలుసునా?" అనింది మళ్లీ. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఈ రెండు ముక్కలు కూడా ఆమె ఇజాజత్‌తోనే రాస్తున్నా.

ఆ రాత్రే ఫారం మొత్తం తుడిచేశా. కైరోలో 2010లో మొదలైన హరాస్‌మ్యాప్, మన దేశంలో 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన సేఫ్‌సిటీ పేరు చెప్పకుండానే ఏం జరిగిందో, ఎక్కడ జరిగిందో రాయనిస్తాయి. మేమూ అట్లే చేశాం. పేరు, ఫోను వద్దు. పైన ఒక పెద్ద బటన్ పెట్టాం, ఎవరైనా పక్కకు వస్తే నొక్కగానే వేరే పేజీ తెరుచుకుంటుంది. అయితే ఫోనులో చూసిన పేజీల జాబితా దానితో పోదు. అందుకే అది ఎట్లా తుడవాలో తెలుగులో, బొమ్మలతో పెట్టాం.

పేరు లేకుండా రాసింది చట్టం లెక్కలో ఫిర్యాదు కాదు. ఆ సంగతి కూడా సాఫ్‌గా రాశాం. 2013 చట్టం ప్రకారం పదిమంది లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట లోపలే కమిటీ ఉండాల. అంతకు తక్కువైతే, లేదా యజమాని మీదే ఫిర్యాదైతే, జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి పోవచ్చు. ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లకు కూడా ఈ హక్కు ఉంది. గడువు మూడు నెలలు, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. రాయడం రాకపోతే రాసేందుకు కమిటీయే మదద్ చెయ్యాల. ఫిర్యాదు చేసిన ఆమె పేరు, ఊరు బయటపెట్టకూడదు.

ఈ ఆఖరి ముక్క ఆపాకు చదివి వినిపించా. "నా పేరు ఎవరూ చెప్పకూడదా? చట్టంలోనే ఉందా?" అని రెండుసార్లు అడిగింది. ఉంది ఆపా, అన్నా. కాసేపు మాట్లాడలేదు. "మా పనికాడ ఇంకో నలుగురు ఉండారు. వాళ్లకూ ఇట్లే చదివి చెప్పు" అనింది.

ఈద్ మరుసటి రోజు పోయి చదివి చెప్పా. మీ ఇంట్లో కూడా బయటికి పనికి పోయే అమ్మీలు, ఆపాలు, బేటీలు ఉంటారు. ఈ మాట వాళ్లకు చేర్చండి. అది మన మీద అమానత్.