ఫోర్క్ సరస్సున చేపలగూళ్లు

చేపను ముట్టని యింటివారమైన మాకు చేపలవేటతో నేమి పనియని సోదరీమణులు నవ్వుదురేమో. మేమును నవ్వుకొనుచునే బయలుదేరితిమి. గడచిన మార్చి నెలలో, మా పిల్లలనిద్దరిని అత్తగారికడ విడిచి, మేము దంపతులము అమెరికాలో డాలస్ నగరమున కాపురమున్న మా చెల్లెలి యింటికి పోయియుంటిమి. పరీక్షలకాలమున సెలవడిగినందులకు ఉపాధ్యాయులైన మావారు వినవలసిన మాటలన్నియు వినియే వచ్చిరి. చెల్లెలి కుమారునకు పండ్రెండవయేడు. "పెద్దమ్మా, బాస్ చేపలు గూళ్లు కట్టే కాలం ఇదే. ఇప్పుడు చూడకపోతే మళ్లీ ఏడాదిదాకా ఉండవు" అని వాడు మమ్ము నిలువనీయలేదు.

డాలసునకు తూర్పుగా కారులో గంటన్నర ప్రయాణము. ఫోర్క్ సరస్సు దేవఖాతము కాదు. సబీన్ నదిలో కలియు నొక యేటికి అడ్డముగా ఆనకట్ట వేసి 1980లో నీరు నిలిపిరి. వైశాల్యము సుమారు 27,000 ఎకరములు. మునుగనున్న యడవిలోని చెట్లను చాలవరకు నరుకక విడిచిరి. అవి యెండి, మ్రోడులై, నేటికిని నీటినడుమ నిలిచియున్నవి. వానిని చూడగానే మాకు శ్రీశైలము జలాశయమున మునిగిన గ్రామములు తలపునకు వచ్చి మనస్సు చివుక్కుమనెను. ఆ మ్రోడులే చేపలకు నీడయట. ఒడ్డున రెడ్‌బడ్ అను చెట్లు, మన మోదుగులవలెనే, ఆకు పుట్టకముందే కొమ్మలనిండ పూచియున్నవి. వన్నె మాత్రము గులాబి.

ఇచట ఫ్లారిడాజాతి బాస్ పిల్లలను తెచ్చి పెంచిరి. 1992 జనవరిలో ఈ నీటనే చిక్కిన చేప 18.18 పౌనులు, అనగా ఎనిమిది కిలోలకు పైబడి తూగి, టెక్సస్ రాష్ట్రమున కెల్ల పెద్దదని పేరొందెను. అంతటి చేపలు ఆడువి. మగది చిన్నది. సంసారభారము మాత్రము దానిదే.

వసంతమున నీరు వెచ్చబడి 16 డిగ్రీల సెల్సియసు దాటగా మగచేప ఒడ్డుదాపున లోతులేనిచోట తోకతో నేలను ఊడ్చి, గుండ్రని పల్లెము చేయును. ఆడుచేప వచ్చి గ్రుడ్లుపెట్టి తనదారిని పోవును. పిదప మగచేప అక్కడనే యుండి, రెక్కలతో నీటిని విసరుచు, తిండి మాని కావలి కాయును. కొలదిదినములలో పిల్లలు వెలువడిన తరువాతను కొంతకాలము వానిని విడువదు. చేప తన బిడ్డలను చూపుచేతనే పెంచునని పెద్దలు చెప్పినది మేము చిన్ననాట తండ్రిగారికడ చదివితిమి. అది తల్లిచేప ముచ్చటయనియే తలచియుంటిమి. మన కొరమీనును పిల్లలను వెంటనుండి కాచునని జాలరులు చెప్పగా విన్నమాట యప్పుడు జ్ఞప్తికి వచ్చెను.

మరిది అనుమతిపత్రము కొనియుండెను. పదునేడేండ్లు నిండని బాలునకు అది యక్కరలేదు. ఈ సరస్సున 16 మొదలు 24 అంగుళములవరకు గల బాస్‌ను పట్టినచో విడువవలసినదే. అంతకు చిన్నది తీసికొనవచ్చును. 24 అంగుళములు, ఆపైని పొడవుగలది దినమున కొక్కటి మాత్రమే.

పడవ నడుపు వృద్ధుడు, నీటి తళుకును అణచు నల్లకండ్లద్దములు మా కిచ్చి, రెల్లుప్రక్కన గూటిని చూపెను. ముగ్గు వేయుటకు ఊడ్చిన ముంగిలివలె నుండెను! దానిపై నల్లని నీడయొకటి తిరుగుచుండెను. బాలుడు రబ్బరు వానపామును గాలమునకు గ్రుచ్చి గూటిలో వేసెను. చేప దానిని ఆకలిచే కరవదట. తన యింట పడిన పరాయివస్తువును వెలుపల పారవేయుటకు నోటబట్టునట. ఆ మాట వినుచుండగనే గాలపుకర్ర వంగెను. చేప పైకి వచ్చెను. పదునాలుగంగుళములు. తీసికొనుటకు చట్టము అడ్డురాదు. పిల్లవాని మొగము వెలిగిపోయినది. మరిది ఛాయాచిత్రము తీయుటకై సంచిలో ఫోను వెదకుచుండెను.

మేము గూటివంక చూచుచుంటిమి. బ్లూగిల్ అను చిన్నచేపలు రెండు, పిమ్మట అయిదారు, ఎచటనుండియో వచ్చి గ్రుడ్లపై మూగెను. మాకు నోట మాట రాలేదు. తరగతిలో గొంతెత్తని మావారు, "బాబూ, విడిచిపెట్టు. ఆ ఇంట్లో ఎవరూ లేరు" అనిరి.

వాడు చేపను చూచెను, తండ్రిని చూచెను. ఫోను ఇంకను దొరకలేదు. వంగి, రెండుచేతులతో దానిని నీట దింపెను. అది పడవక్రిందికి పోయి కనబడదయ్యెను. మేము లోలోపల లెక్కపెట్టుచుంటిమి. నూరు కాకమునుపే నల్లనినీడ గూటిపైకి దూకెను, చిన్నచేపలు చెదరిపోయెను. గ్రుడ్లెన్ని మిగిలెనో మాకు కనబడలేదు.

"ఒక్క ఫోటో తీసి వదలవలసింది" అని మరిది గొణిగెను. అట్లనుట తప్పని చెప్పజాలము. కొడుకు పట్టిన తొలిచేప గదా! బాలుడు బదులు పలుకక, లోతునకు, మ్రోడులవైపు పోనిమ్మని వృద్ధుని అడిగెను. అచట సాయంకాలమువరకు ఒక్కచేపయు పడలేదు. పులిహోర మాత్రము మిగులలేదు.

ఆ రాత్రి తొమ్మిదింటికి, అనగా మన యింట మరునాటి యుదయము ఏడున్నరకు, అత్తగారికి ఫోను చేసితిమి. మా చిన్నది ఫోను లాగుకొని, "అమ్మా, ఎప్పుడొస్తారు?" అనెను. ఇంక పన్నెండు దినములని చెప్పితిమి. ప్రక్కన చెల్లెలి కుమారుడు నిలిచి వినుచుండెను.