పేకతో జీవనము

పేకాట యనగానే మన యిండ్లలో రెండు తలంపులు కలుగును. పండుగనాడు భోజనానంతరము చతుర్ముఖ పారాయణమని నవ్వుకొనుచు నాడు వినోద మొకటి. ఇల్లాలి మెడలోని బంగారమును కుదువబెట్టించు వ్యసన మొకటి. ఇప్పుడు మూడవది వచ్చినది: పేకయే వృత్తి.

మాది రెడ్డిగూడెము, మామిడితోటలపై బ్రదుకు కుటుంబము. మా యక్కగారి కుమారుడు హైదరాబాదులోని కొలువు మాని, పోకరు అను పాశ్చాత్యపు పేకాట పోటీలనే జీవనోపాధిగా చేసికొందునని చెప్పినపుడు అక్క కన్నీరు పెట్టుకొన్నది. బావగారు మాటలాడుట మానిరి. మేము మాత్ర మతని వాదమును పూర్తిగా వింటిమి.

“పిన్నీ, ఇది జూదము కాదు, నేర్పు” అనెను. అందు నిజము లేకపోలేదు. సికిందరాబాదులోని యొక క్లబ్బునకు సంబంధించిన వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1967లో రమ్మీని గూర్చి తీర్పు చెప్పుచు, పడిన ముక్కలను జ్ఞాపకముంచుకొనుటయు, ఏది పట్టవలెనో ఏది విడువవలెనో యెరుగుటయు నవసరము గనుక నది ప్రధానముగా నేర్పుతో గూడిన యాటయే యనెను. లాస్‌వేగాసున 1970లో ఆరంభమైన పోకరు ప్రపంచపోటీలలో మన దేశపు యువతి నికితా లూథర్ 2018లో మరియొక యాటగానితో జతగూడి గెలిచి స్వర్ణకంకణము పొందినది. బుద్ధిబలము లేక యిది సాధ్యమా?

అయినను గృహిణి యడుగవలసిన ప్రశ్న వేరు. నెలసరి వెచ్చములకు సొమ్ము ఎచ్చటనుండి వచ్చును? పోటీలో ప్రతివారును ప్రవేశరుసుము చెల్లింతురు. అందు కొంత నిర్వాహకులు తీసికొందురు. మిగిలినది చివరివరకు నిలిచిన కొద్దిమందికే పంచుదురు. కావున మిక్కిలి నేర్పరియు పెక్కు పోటీలనుండి రిక్తహస్తములతోనే లేచును. ఒక్క గెలుపు వచ్చువరకు రుసుములు, ప్రయాణములు, బస ఎవరు భరింతురు? గెలిచినవారి పేరు పత్రికలలో పడును. ఓడినవారి లెక్క వారి యిండ్లలోనే యుండును.

“మామిడిపూతయు జూదమే కదా, పిన్నీ! గాలివాన వచ్చిన రాలిపోవును” అని యతడు నవ్వెను. నిజమే. కాని కాయ రాలినను చెట్టు నిలుచును. మా తోట పండుటకు పొరుగువాని తోట యెండ నక్కరలేదు. పేకలో గెలిచిన ప్రతి రూపాయియు మరియొకరి యింటినుండి రావలసినదే.

ప్రభుత్వములును ఊరకుండలేదు. ఆన్‌లైను పందెపుటాటలను తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు నేర్పు, అదృష్టము అను భేదము చూడక దేశమంతటికిని అట్టి నిషేధమును విధించుచు చట్టము చేసినది.

మే మతనిని నిందింపలేదు. నాలుగు నియమములు మాత్రము చెప్పితిమి: ఏడాది యింటి వ్యయమును ముందుగా ప్రక్కనుంచవలెను, అప్పు చేయరాదు, తోటను గాని తల్లి బంగారమును గాని ముట్టరాదు, ప్రతి రుసుమును, ప్రతి గెలుపును పుస్తకమున వ్రాసి నెలకొకసారి తల్లికి చూపవలెను. ఒప్పుకొనెను. మూడు నెలల లెక్కలో రాబడికంటె వ్యయమే హెచ్చుగా నున్నది. అతడు దానిని దాచలేదు. కొలువునకు ఇంకను రాజీనామా యీయలేదు.

సోదరీమణులారా! మీ యింట నెవరైన నిట్టి మార్గము పట్టదలచినచో తిట్టుటకు ముందు లెక్క యడుగుడు. పుస్తకము తెరచి చూపువానితో ఇంకను మాటలాడవచ్చును. దాచువాని విషయమున ఆలస్యము చేయరాదు.