అమ్మ ఎనిమిది ఎనిమిదే!

కొత్త సినిమా మొదటి ఆట టిక్కెట్టు కోసం కాకినాడ సినిమా రోడ్డులో చొక్కా చింపుకున్న బాపతు నేను. అలాంటి నేను 2022లో అమెరికాలో, డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్ అనే ఊళ్ళో, మా చెల్లాయి ఇంట్లో వుండగా 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చింది. మన దగ్గర మార్చి 25న విడుదల. ఇక్కడేమో 24 సాయంత్రం ఆరింటికే ఆట! ఒకరోజు ముందే చూసేస్తున్నానని కాకినాడ మిత్రులకు ఫోన్లు చేసి తెగ కోతలు కోశాను. తీరా లెక్కేస్తే, ఇక్కడి ఆ ఆరు గంటలకి కాకినాడలో 25 తెల్లవారుజాము నాలుగున్నర. తేదీ తేడాయే తప్ప నా గొప్పేం లేదు.

అన్నట్టు, ఈ గంటల లెక్క నాకు పదకొండు రోజుల ముందే వంటబట్టింది.

ఇర్వింగ్‌లో గోంగూరకీ దోసెలకీ లోటు లేదు. థామస్ జెఫర్‌సన్ పార్కులో 2014లో నిలబెట్టిన గాంధీగారి విగ్రహం కూడా వుంది. లేనిదల్లా వీధిలో మనిషి! పాలు కావాలన్నా కారు తియ్యాల్సిందే. కాకినాడలో ఆరింటికల్లా పాలవాడి కేక, ఏడింటికి ఇడ్లీ బండి చుట్టూ జనం.

మన గడియారాలకి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖ కాకినాడకి బాగా దగ్గరగా పోతుంది. అందుకే అక్కడ గడియారానికీ సూర్యుడికీ పేచీ లేదు. పన్నెండయిందంటే ఇంచుమించు మిట్టమధ్యాహ్నమే. ఇర్వింగ్‌లో అలాక్కాదండీ. 2007 నుంచీ మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున ముల్లు గంట ముందుకి తోస్తారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి లాగుతారు. (అరిజోనాలో చాలా భాగం, హవాయి మాత్రం ఈ గోల మాకొద్దన్నాయి.) ముల్లు తోశాక సూర్యుడు ఒంటిగంటన్నరకి గాని నడిమింటికి రాడు. సాయంత్రం ఏడున్నర దాకా వెలుతురే! పిల్లలకి పండగే. మరి ఫోన్ల సంగతి?

నాన్న పోయి అప్పటికి ఎనిమిది నెలలు. అమ్మ కాకినాడలో ఒక్కతే వుంటోంది. చెల్లాయి రోజూ రాత్రి ఎనిమిదిన్నరకి ఫోన్ చేస్తుంది. అక్కడ ఉదయం ఎనిమిది. మార్చి 13 రాత్రి కూడా అలాగే చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఊహూఁ... పక్కింటివాళ్ళకి చేస్తే వాళ్ళు అన్నవరంలో వున్నారట. చెల్లాయి సోఫాలో కూలబడింది. బావ విమానం టిక్కెట్లు వెతకడం మొదలెట్టాడు. నేను నోరు విప్పలేదు. విప్పితే ఏం మాట వస్తుందోనని భయం.

తొమ్మిదిన్నరకి అమ్మే చేసింది.

"ఏవిటర్రా, పదకొండుసార్లు చేశారు? పిల్లలు బాగున్నారా? నాకు కాళ్ళూ చేతులూ ఆడ్డంలేదు!"

"నువ్వెక్కడికెళ్ళావమ్మా?"

"ఏడింటికి రైతుబజార్లో వుంటానని తెలీదూ? ఫోను ఇంట్లోనే పెట్టి వెళ్తాను. ఎనిమిదికి కదా మీరు చేసేది!"

అప్పుడు వెలిగింది. ఆ తెల్లవారుజామునే ఇక్కడ ముల్లు జరిగింది. మా ఎనిమిదిన్నరకి అక్కడ ఏడే! ఇన్నేళ్ళుగా ఇక్కడున్న చెల్లాయికి తెలీక కాదు. ఎప్పుడు చేసినా నాన్న ఎత్తేవాడు. ఆ గంట తేడా ఎన్నడూ తెలిసిరాలేదు.

సంగతి చెబితే అమ్మ నవ్వింది. యుద్ధం రోజుల్లో మన దేశంలోనూ గంట ముందుకి జరిపారని తాతయ్య చెప్పేవాడట. నిజమే, 1942 నుంచి 1945 దాకా.

"గడియారం జరిపింది మీ ఊళ్ళో. మీరే జరగండి. నా ఎనిమిది ఎనిమిదే," అంది.

జరిగాం. 24న ఆట ముగిసి, ఈలలతో బొంగురుపోయిన గొంతులతో కార్ల దగ్గరికి వచ్చేసరికి సరిగ్గా తొమ్మిదిన్నర. చెల్లాయి అక్కడే నిలబడి ఫోన్ చేసింది. మొదటి రింగుకే ఎత్తింది అమ్మ.

"సినిమా ఎలా వుందో చెప్పకండర్రా! పక్కింటావిడా నేనూ మాట్నీకి వెళ్తున్నాం," అంది.