రాయని షరతు

ఒడంబడికలను కూడా కవిత్వం చదివినట్టే చదవాలనిపిస్తుంది నాకు. రాసినదానికన్నా రాయకుండా వదిలినదే ఎక్కువ చెబుతుంది. 1939 ఆగస్టు 23 తేదీతో, నిజానికి ఆ అర్ధరాత్రి దాటాక, మాస్కోలో మోలొటోవ్, రిబ్బెన్‌ట్రాప్ సంతకాలు చేసిన నిర్యుద్ధ సంధినే తీసుకోండి.

పైకి చూస్తే ఏడు చిన్న అధికరణలు. జర్మనీ, సోవియట్ యూనియన్ పదేళ్ళపాటు ఒకదానిమీద మరొకటి దాడి చేయరాదు. ఒకరికి వ్యతిరేకమైన కూటమిలో రెండోవారు చేరరాదు. ఎంత సాధువైన మాటలు! అయితే అంతకుముందు సోవియట్ ప్రభుత్వం చేసుకున్న ఇటువంటి సంధులలో మామూలుగా ఒక షరతు ఉండేది: అవతలివారు మూడో దేశంపై దండెత్తితే ఈ మాటకు కట్టుబడనక్కరలేదని. ఇందులో అది లేదు. పైగా సంతకం పెట్టిన క్షణంనుంచే అమలు. ఆ తొందర ఎందుకో పోలండు ప్రజలకు తొమ్మిది రోజుల్లో తెలిసివచ్చింది. సెప్టెంబరు 1న పడమటినుంచి జర్మన్ సేనలు, 17న తూర్పునుంచి ఎర్రసైన్యం. పంపకాల వివరాలన్నీ రహస్య అనుబంధంలో ఉన్నాయి. అటువంటిదేదీ లేదని మాస్కో 1989 దాకా బుకాయిస్తూనే వచ్చింది.

స్టాలిన్ వ్యవధి కొనుక్కున్నాడనే వాదన మీరూ వినే ఉంటారు. 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సులు చెకోస్లొవేకియాను వదిలేసిన తీరు చూశాక ఆయన అనుమానం అకారణమని నేననను. కాని దొరికింది ఇరవై రెండు నెలలు. ఆ ఇరవై రెండు నెలలూ సోవియట్ ధాన్యం, చమురు జర్మనీకి పోతూనే ఉన్నాయి, 1941 జూన్ 22న హిట్లర్ దాడికి దిగేవరకూ. (జర్మన్ వీరులను ఓడించే కథతో ఐసెన్‌స్టైన్ తీసిన 'అలెగ్జాండర్ నెవ్‌స్కీ' సంధి కాగానే థియేటర్లనుంచి మాయమై, దాడి జరగగానే తిరిగొచ్చింది. సినిమాకు దక్కిన అదృష్టం మనుషులకు దక్కలేదు.)

మార్గరెట్ బూబర్ నోయ్‌మన్ అనే జర్మన్ కమ్యూనిస్టు ఉండేది. నాజీల బారినపడకుండా మాస్కోలో తలదాచుకుంది. 1937లో ఆమె సహచరుడు హైన్జ్ నోయ్‌మన్‌ను అక్కడే కాల్చి చంపారు. మరుసటేడు ఆమెను అరెస్టు చేసి కరగండా శిబిరానికి పంపారు. సంధి కుదిరాక, 1940 ఫిబ్రవరిలో, మరికొందరితోపాటు ఆమెను బ్రెస్ట్ లిటోవ్‌స్క్ వంతెనమీద సోవియట్ అధికారులే జర్మన్ల చేతికి అప్పగించారు. ఆ తర్వాత అయిదేళ్ళు రావెన్స్‌బ్రూక్ నిర్బంధ శిబిరం.

1945 ఏప్రిల్లో విడుదలయ్యాక, ఎర్రసైన్యానికి చిక్కకూడదని ఆమె పడమటివైపు దారి పట్టింది.