పేరు దొరది, పైసలు మనయి

మా చేర్యాలలో దేశ రాజకీయాలు రెండు చోట్ల నడుస్తాయి. ఒకటి బస్టాండు దగ్గరి చాయ్ హోటల్లో. రెండోది మా ఇంటి అరుగు మీద. హోటల్లో మగవాళ్ళు ఒక కప్పు చాయ్‌తో ఢిల్లీ సర్కారును దించేసి, రెండో కప్పుతో మళ్ళీ నిలబెడతారు. అరుగు మీద మేం ఆడవాళ్ళం చింతపండు గింజలు తీస్తూ గ్యాసు బండ ధర, మంచినూనె ధర, బంగారం ధర మాట్లాడుకుంటాం. మొదటిదాన్ని రాజకీయం అంటారట. రెండోదాన్ని ముచ్చట్లు అంటారట! తేడా ఏమిటా అని నేనూ ఆలోచించాను. హోటల్లో కూర్చున్నవాళ్ళలో సగం మందికి కిలో కందిపప్పు ఎంతో తెలియదు. అంతకుమించి నాకేం కనిపించలేదు.

ఈమధ్య ఈ రెండు సభలూ మా అరుగు మీద ఒక్కటయ్యే సందర్భం వచ్చింది. మా వదిన కొడుకు సిద్దిపేటలో డిగ్రీ చదువుతున్నాడు. పందొమ్మిదేళ్ళు. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు వీడ్కోలు చెప్పడం టీవీలో చూశాడు. 1963లో చేరిన విమానాలు, అరవైరెండేళ్ళ నౌకరీ చేసి దిగిపోతుంటే పెద్ద పెద్ద ఆఫీసర్లు కళ్ళు తుడుచుకున్నారట. అప్పటినుంచీ పిల్లవాడికి ఒకటే ధ్యాస. ఎయిర్‌ఫోర్సులో అగ్నివీరుడిగా చేరతానంటాడు. వాళ్ళమ్మ వద్దంటుంది. వాళ్ళ మామ, అంటే మా వారు, చేరమంటారు. ఇక చూసుకోండి, వారం రోజులు అరుగు ఖాళీ లేదు.

"దేశమన్నంక రక్షణ ఉండాలె. విమానాల్లేకుంటే శత్రువు ఊకుంటడా?" అన్నారు మా వారు.

"మల్ల దవఖానల డాక్టరు లేకుంటే రోగం ఊకుంటదా?" అంది ఎదురింటి పెద్దమ్మ.

మా వారు లెక్కల మాస్టారు. వాదం వచ్చిందంటే అంకెలు తీస్తారు. 2016లో ఫ్రాన్సుతో 36 రఫేల్ విమానాలకు ఒప్పందం అయింది, ఆయుధాలూ విడిభాగాలూ అన్నీ కలిపి సుమారు 59 వేల కోట్లు అన్నారు. పెద్దమ్మ చేతిలో చింతపండు పక్కన పెట్టి, "ఒక్కదానికెంత పడ్డట్టు?" అనడిగింది. ఆయన నోట్లోనే భాగించి, పదహారు వందల కోట్ల పైచిలుకు అని చెప్పి, వెంటనే నాలుక కరుచుకున్నారు. ఆ అంకె పెద్దమ్మ చేతికి ఇవ్వకూడదని అప్పుడు తట్టింది పాపం. ఇంకేముంది, ఆ ఒక్క విమానాన్నీ విప్పి, మా మండలమంతా బళ్ళకు గోడలూ, చెరువులకు తూములూ, దవఖానకు మంచాలూ పంచేసింది ఆవిడ!

నేను బి.ఏ. చదివినదాన్ని. అంత బరువు గాలిలో ఎట్లా నిలబడుతుందో ఇప్పటికీ నాకు నమ్మకం కుదరదు. కానీ ఒక నవల కోసం నిజాం కాలపు సంగతులు తిరగేస్తుంటే దొరికిన కథ ఒకటి నా దగ్గర ఉంది. అది చెబితే రెండు పక్షాలూ కాసేపు శాంతిస్తాయనుకున్నాను.

"విమానాలు కొనుడు మనకు కొత్త కాదు పెద్దమ్మా. నూరేండ్ల కిందనే కొన్నం," అన్నాను.

నిజమే. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1918లో, బ్రిటిషు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు మొట్టమొదటి విమానాలన్నీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కానుకగా ఇచ్చినవే. డి.హెచ్.9ఏ అని రెండు సీట్ల బాంబు విమానాలు. ప్రతి విమానం మీదా ఇది హైదరాబాద్ నిజాం కానుక అని రాశారు. ఆ దళానికి 'హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరే స్థిరపడింది. ఆ ఏడాది సెప్టెంబర్‌లో ఫ్రాన్సు చేరి, జర్మనీ పట్టణాల మీద బాంబులు వేసి వచ్చేవి. అక్టోబర్ 5న వాటిలో ఒకటి, ఎఫ్ 1010 అనే నంబరుది, జర్మన్ల చేతికి చిక్కింది. అందులోని ఇద్దరూ ఖైదీలయ్యారు. విమానాన్ని మాత్రం జర్మన్లు భద్రంగా దాచుకున్నారు. బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండో యుద్ధంలో ఆ బెర్లిన్ మీదే బాంబులు పడుతుంటే తూర్పుకు తరలించారు. అట్లా అది పోలండులో తేలింది. చివరికి 1977లో బ్రిటన్ వాళ్ళు పోలండు వాళ్ళకు ఒక స్పిట్‌ఫైర్ విమానం ఇచ్చి, దీన్ని తీసుకుపోయారు. మనం పాత చీరలిచ్చి స్టీలు గిన్నె తీసుకుంటాం చూడండి, అట్లాంటి బేరమే. కాకపోతే ఇక్కడ పాతదాని కోసం పాతదే ఇచ్చారు. ఇప్పుడది లండన్‌లో వైమానిక దళ మ్యూజియంలో ఉంది.

ఆ విమానం దేంతో చేశారో తెలుసా? కట్టె చట్రం, దానిమీద నార బట్ట. బట్ట బిగుసుకుని చర్మంలా నిలవడానికి ఒక రకం పూత. నాకు ఇది చదువుతుంటే నవ్వొచ్చింది. మా ఊరి నకాషీ వాళ్ళు తరతరాలుగా చేసేది మరేమిటి? ఖద్దరు బట్టకు గంజీ, సుద్దమట్టీ, చింతగింజల గుజ్జూ, జిగురూ కలిపి పూతల మీద పూతలు పూసి ఆరబెట్టి, దానిమీద మార్కండేయ పురాణమో మడేలు పురాణమో బొమ్మలుగా రాస్తారు. లండన్ విమానానికి నూరేళ్ళు దాటింది. మా దగ్గర చిరిగిపోయిన పటాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్ళలో కలిపే ఆచారం ఉండేది. అందుకే పాత పటాలు మిగిలినవి తక్కువ. దాచుకునే బుద్ధి ఒక రకం భక్తి. వదిలేసే బుద్ధి ఇంకో రకం భక్తి. ఏది ఎక్కువో నేను చెప్పలేను.

ఈ కథంతా మా అత్తమ్మ మంచంలో పడుకునే వింది. ఎనభైఅయిదేళ్ళ మనిషి. చెవులు మందం అనుకుంటాం గానీ, అవసరమైన మాట ఒక్కటీ జారిపోదు.

"గా ఇమానం మీద ఏం రాసిన్రు బిడ్డా?" అనడిగింది.

"నిజాం కానుక అని రాసిన్రు అత్తమ్మా."

"ఆయనేమన్న దున్నిండా, నాటేసిండా?" అని లేచి కూర్చుంది. "పేరు దొరది, పైసలు మనయి!"

అరుగు మీద ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. 1937లో అమెరికా టైం పత్రిక నిజాం బొమ్మను అట్టమీద వేసింది. ప్రపంచంలోకెల్లా ధనవంతుడని పేరు. ఆ ధనం ఆకాశం నుంచి రాలేదు కదా. సర్కారు ఖజానాలోకి వచ్చినా, ఆయన సొంత సర్ఫెఖాస్ పెట్టెలోకి వచ్చినా, వచ్చేది శిస్తు కట్టే రైతు చేతి నుంచే. రెండో యుద్ధంలోనూ అంతే. నిజాం మళ్ళీ విమానాలకు డబ్బిచ్చాడు. బ్రిటిషు దళంలో 152, 253 స్క్వాడ్రన్‌లకు హైదరాబాద్ పేరు పెట్టారు. 152వ దానికి ముద్ర ఏమిటనుకున్నారు? నిజాం తలపాగా! కింద 'నమ్మకమైన మిత్రుడు' అని అర్థం వచ్చే మాట. అక్కడ ఆ తలపాగా ఎగురుతున్న రోజుల్లోనే ఇక్కడ ఊళ్ళల్లో లెవీ ధాన్యం వసూళ్ళు. గుమ్మిలో గింజలు మిగలకుండా కొలుచుకుపోతుంటే తన తల్లి పాత చీరలో నాలుగు కుంచాలు మూటగట్టి గడ్డివాములో దాచిందని మా అత్తమ్మ ఇప్పటికీ చెబుతుంది.

అప్పట్లో ఇంగ్లండు ఆడవాళ్ళ సంగతీ వినదగిందే. 1940 జూలైలో, మీ అల్యూమినియం గిన్నెలివ్వండి, విమానాలు చేస్తాం అని ఆడవాళ్ళ సేవాదళం నాయకురాలు లేడీ రీడింగ్ పిలుపిస్తే, గృహిణులు వంటింట్లోంచి గిన్నెలూ మూకుళ్ళూ తెచ్చి కుప్పలు పోశారు. స్పిట్‌ఫైర్ విమానం ఖరీదు 5,000 పౌన్లని చెప్పి ఊరూరా చందాలు పోగు చేశారు. వాళ్ళను తక్కువ చెయ్యను. నెత్తిమీద బాంబులు పడబోతున్నాయి మరి. కానీ వాళ్ళ గిన్నెల్ని అడిగి తీసుకున్నారు. మా అత్తమ్మ తల్లి గింజల్ని అడగలేదు, కొలుచుకుపోయారు. తేడా అదీ.

ఇక స్వతంత్ర భారతదేశం విమానాల సంగతి చెబితే మా ఆడవాళ్ళకు మహా నచ్చింది. ఎందుకంటే అది అచ్చం బొంత కుట్టిన కథ. యుద్ధంలో అమెరికా ఇచ్చిన లిబరేటర్ అనే పెద్ద బాంబు విమానాల్ని, యుద్ధం కాగానే ఎవరికీ పనికిరాకుండా చెయ్యాలని ఒప్పందం. అందుకని బ్రిటిషు వాళ్ళు కాన్పూర్‌లో వాటిని విరగ్గొట్టి, ఇంజన్లు పాడుచేసి పారేసిపోయారు. మన హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు 1948లో ఆ చెత్తకుప్ప దగ్గరికి వెళ్ళి, దీని రెక్క దానికీ, దాని చక్రం దీనికీ తగిలించి, ఎగిరే స్థితికి తెచ్చి బెంగుళూరు చేర్చారు. అట్లా నలభైకి పైగా విమానాలు! అవి 1968 దాకా మన దగ్గర పనిచేశాయి. తీరా చూస్తే లోకంలో లిబరేటర్లు ఇంచుమించు తుక్కైపోయాయి. అప్పుడు అమెరికా, బ్రిటన్, కెనడా మ్యూజియాల వాళ్ళు మన దగ్గరికి వచ్చి తలా ఒకటి పట్టుకుపోయారు. "పారేసినోల్లే మల్ల అడుక్కపోయిన్రా!" అని పెద్దమ్మ పడీ పడీ నవ్వింది. వాదం మొదలయ్యాక ఆవిడా మా వారూ ఒకేసారి సంతోషపడ్డది అప్పుడే.

మా వదిన మాత్రం నవ్వలేదు. విమానం మాట వస్తే ఈ ఇంట్లో ఇంకో జ్ఞాపకం కూడా ఉంది. 1948 ఆగస్టు 27న మాకు దగ్గర్లోని బైరాన్‌పల్లి మీద రజాకార్లు పడి ఎనభై మందికి పైగా చంపారు. ఊరివాళ్ళు కాపలా కాసిన బురుజు ఇప్పటికీ నిలబడే ఉంది. సెప్టెంబర్ 13న పోలీసు చర్య మొదలైంది. భారత సైన్యానికి తోడు టెంపెస్ట్ విమానాలు వచ్చాయి. అప్పుడు ఎనిమిదేళ్ళ పిల్ల మా అత్తమ్మ. ఆ మోత వినిపించగానే పిల్లలంతా చింతచెట్టు కిందికి ఉరికారట. పెద్దవాళ్ళు మాత్రం వాకిట్లోకొచ్చి మీదికి చూసి దండం పెట్టారట. అట్లాంటి టెంపెస్ట్ ఒకటి ఢిల్లీ పాలం మ్యూజియంలో ఉంది. ఒకే మోతకు పిల్లలు దాక్కున్నారు, పెద్దలు మొక్కారు. విమానమంటే ఏమిటని నన్నడిగితే నాకు తెలిసినంతలో అదే జవాబు.

ఇంతా విని మా వదిన కొడుకు ఒక్క మాటన్నాడు. "అత్తా, విశాఖపట్నం బీచిల చూసినం గద, టీయూ-142. 1988 నుంచి 2017 దాక ఇరవైతొమ్మిదేండ్లు నడిపి, సముద్రం ఒడ్డున మంచిగ కూసోబెట్టిన్రు. నిజాం ఇమానాన్ని నూరేండ్లు దాసిపెట్టిన్రు. మరి నేను చేరితే నన్ను నాలుగేండ్లకే పంపుతరేంది?"

ఎవరి దగ్గరా జవాబు లేదు. 2022లో పథకం వచ్చినప్పుడు చెప్పిన లెక్క ప్రకారం నాలుగేళ్ళయ్యాక నూటికి ఇరవైఅయిదు మందిని ఉంచుకుంటారు. మిగతావాళ్ళు 11.71 లక్షల సేవానిధి తీసుకుని ఇంటికి రావాలి. మా వారు పింఛన్ల భారం, బడ్జెట్టు, పడుచు సైన్యం అని ఏదో మొదలుపెట్టారు. లెక్క తప్పని కాదు. కానీ పందొమ్మిదేళ్ళ కుర్రాడి ముందు ఆ లెక్క నిలబడలేదు, ఆయనే ఆపేశారు.

విమానాలను దాచుకోవద్దని నేననను. దాచుకోవాలి. కట్టే బట్టే అయినా సరే, ఒక కాలం ఎట్లా బతికిందో, ఎవర్ని చంపిందో అవి చెబుతాయి. కాకపోతే పక్కన పెట్టే బోర్డు మీద కొన్న దొర పేరుతో పాటు శిస్తు కట్టిన ఊళ్ళ మాటా ఒక ముక్క ఉండాలి. కాన్పూర్ చెత్తలోంచి ఎగరేసిన మిస్త్రీల మాటా ఉండాలి. ఎక్కినవాడు దిగాక ఎట్లా బతికాడన్నదీ ఉండాలి. రేపు రఫేల్ కూడా పాతబడుతుంది. దాని పక్కనా ఒక బోర్డు పెడతారు. అందులో మా పెద్దమ్మ అడిగిన దవఖాన ప్రస్తావన ఉంటుందా? ఉండదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

పిల్లవాడు ఫారం నింపాడు. పరీక్షకు చదువుతున్నాడు. మా వదిన మొన్న ఆదివారం కొమురవెల్లి మల్లన్న దగ్గరికి పోయి మొక్కుకుని వచ్చింది. కొడుకు సెలెక్టు కావాలని మొక్కిందో, కావద్దని మొక్కిందో ఎంతడిగినా చెప్పదు. పసుపు బండారి మాత్రం వాడి నుదుట దండిగా పెట్టింది.