ఒకే నెంబరు, రెండిళ్లు

2001 ఫిబ్రవరి 28న మన బంగారు గనులు మూతబడిన తరువాత, తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగుళూరు పోవడం, రాత్రికి యిల్లు చేరడం మనలో వేలమందికి అలవాటైపోయింది. ఆ వేలల్లో నేనూ ఒక గుమాస్తాను.

కిందటి యేడు మా అమ్మ జారిపడి తుంటి యెముక విరిగింది. పగటిపూట దగ్గరుండేందుకు మనిషి లేదు. నా భార్య బడి పనికి, పిల్లలు కాలేజీకి పోతారు. నా అవస్థ చూచి పై అధికారి, "మూడు నెలలు యింటినుండే చెయ్యండి. కాని సోమవారంనుండి లెక్కలు ఆగకూడదు సుమా!" అన్నారు.

ఆఫీసులో నా బల్లమీది కంప్యూటరును యింట్లోని లాప్‌టాప్ తెరమీదనుండే నడిపే యేర్పాటు వున్నది. దానిని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. వీపీఎన్ అనే భద్రమైన దారిగుండా దానిని చేరుకోవాలి.

శనివారం సాయంత్రం కూర్చున్నాను. వీపీఎన్ కలిసింది గాని కంప్యూటరు పలకలేదు. ఫోనులోని ఇంటర్నెట్‌తో ప్రయత్నిస్తే వెంటనే పలికింది! అంటే చిక్కు గోడకున్న మా రౌటరు దగ్గరే. ఫోనుతోనే నెట్టుకొద్దామంటే మా యింట్లో సిగ్నలు నిలవదు.

తెలిసిన కుర్రవాడొకడు వచ్చి, "3389 పోర్టు తెరిస్తే సరి" అని తెరిచి వెళ్లాడు. ఫలితం సున్న. ఆదివారం, ఆఫీసు కంప్యూటర్లు చూచే అబ్బాయికి ఫోను చేశాను.

"అయ్యో, ముందు అది మూసెయ్యండి సార్! అది బయటివాళ్లు మీ యింట్లోకి వచ్చే తలుపు. మీరు బయటికి పోవడానికి దానితో పనిలేదు. దొంగలు వెదికేది ఆ తలుపునే" అన్నాడు. వెంటనే మూశాను. "మీ రౌటరు అడ్రసెంత?" అన్నాడు. 192.168.1.1 అన్నాను. అతను నవ్వాడు. ఆఫీసు అడ్రసులూ 192.168.1 తోనే మొదలట!

192.168తో మొదలయ్యే అడ్రసులు లోపలి వాడకానికి కేటాయించినవి. యే యిల్లయినా, యే ఆఫీసయినా పెట్టుకోవచ్చు. ఆఫీసులో నా కంప్యూటరు 192.168.1.20. లాప్‌టాపు ఆ నెంబరు మన యింటిదే గదా అనుకుని, వీపీఎన్ దారి పట్టక యింట్లోనే వెదికింది. యింట్లో ఆ నెంబరు మా టీవీది! పాపం, టీవీకి లెక్కలేం తెలుసు?

అతను చెప్పినట్టు రౌటరు లోపలి అడ్రసును 192.168.77.1గా మార్చి, రౌటరునూ లాప్‌టాపునూ ఒకసారి ఆపి వేశాను. శుక్రవారం నేను సగంలో వదిలిన లెక్క కళ్లముందు నిలిచింది.

మంచంమీదనుండి అమ్మ, "యేమప్పా, దొరికిందా?" అన్నది. సంగతి చెప్పాను.

"ఇంతేనా! మన లైన్లలోనూ అంతే గదా. అక్కడ పన్నెండో నెంబరే, ఇక్కడా పన్నెండో నెంబరే. మీ నాయన ఉత్తరాలన్నీ పక్క లైనువాళ్లే ముందు చదివినారు" అని నవ్వింది. పడిన తరువాత ఆమె నవ్వడం అదే మొదలు.

ఇప్పుడు అమ్మ కర్ర పట్టుకుని వాకిలిదాకా నడుస్తున్నది. నేను మళ్లీ రైలెక్కుతున్నాను. మీకెవరికైనా యిట్టి చిక్కు వస్తే తొందరపడి తలుపులు తెరవకండి. ముందు ఫోను ఇంటర్నెట్‌తో పరీక్షించండి. ఆ పైన యింటి నెంబరు చూచుకోండి.