కాందిశీకుల చికిత్స

కాందిశీకులు రోగములను వెంటబెట్టుకొని వత్తురను మాట మనలో పామరులే కాక చదువుకొన్నవారును తరచుగా అనుచుందురు. కాగజ్‌నగర్, ఆసిఫాబాదు ప్రాంతములలో చిరకాలము వైద్యము చేసి, పిదప బంగ్లాదేశములోని కాక్స్‌బజారు శిబిరములందు ఒక అంతర్జాతీయ సేవాసంస్థ కొలువునకు పోయిన నాకు ఆ మాట సత్యదూరమని స్పష్టముగా తెలిసినది. ఎట్లు తెలిసినదో నేను చూచిన కొందరు రోగుల మూలముననే చెప్పెదను.

మా ఉత్తర తెలంగాణమునకు కాందిశీకులు అపరిచితులు కారు. తూర్పు పాకిస్తానమును విడిచివచ్చిన వంగీయులకు భారత ప్రభుత్వము కాగజ్‌నగర్ పరిసరములలో నివాసములు కల్పించెను. నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ అను గ్రామనామములే అందులకు సాక్ష్యము. రక్తపుపోటు మందులకై నా యొద్దకు వచ్చుచుండిన ఒక వంగీయ వృద్ధురాలు, మందుల చీటీలతోపాటు సరిహద్దున తన తండ్రికిచ్చిన కాగితమును గూడ ప్లాస్టిక్ సంచిలో మడచి తెచ్చుచుండెడిది. దవాఖానలో దానిని ఎవ్వరును అడుగరని ఎన్నిమారులు చెప్పినను ఆమె దానిని ఇంట విడిచి రాలేదు. ఓటర్ల జాబితాలో పేరెక్కి దశాబ్దములు గడచినను, ఎవరో యొకరు నిలదీయుదురను భయము ఆ తల్లిని వదలలేదు; ఆమె రక్తపుపోటులో దాని పాలెంతయో కొలుచు సాధనము నా యొద్ద లేదు.

2017 ఆగస్టు 25 తరువాత కొద్ది నెలలలోనే మయన్మారులోని రఖైన్ రాష్ట్రము నుండి ఏడు లక్షలకు పైగా రొహింగ్యాలు బంగ్లాదేశమున ప్రవేశించిరి. కాక్స్‌బజారులోని కుతుపలాంగ్ కొండలపై చెట్లు నరికి, వెదురుబొంగులపై టార్పాలిన్లు కప్పి, ఒక గుడిసెకు మరియొక గుడిసె ఆనుకొనునట్లు వారు తలదాచుకొనిరి. మరుగుదొడ్డికి కూతవేటు దూరమైనను లేకుండ చేతిపంపులు దిగినవి. ఆ నవంబరులోనే కంఠసర్పి, అనగా డిప్తీరియా, తలయెత్తెను.

శిబిరములో నేను మొదట చూచిన బాలికలలో ఒకతెకు ఆరేండ్లుండును. మెడ ఇరువైపుల ఉబ్బి దవడ రేఖ కనబడుట లేదు. నోరు తెరిపించి దీపము పట్టగా గొంతులో బూడిదరంగు పొర అంటుకొనియున్నది. చెమ్చాతో తాకినంతనే నెత్తురు చిమ్మినది. యూరపు నుండి వచ్చిన నా సహవైద్యులు ఆ రోగమును గ్రంథములందే చదివియుండిరి. నేనో, హైదరాబాదు నల్లకుంటలో మనవారు నేటికిని కోరంటి దవాఖాన అని పిలుచు జ్వరముల ఆసుపత్రిలో విద్యార్థిదశయందే దానిని కన్నులార చూచితిని. దీనికి ముఖ్యౌషధము గుర్రపు నెత్తురు నుండి తీసిన ప్రతివిషము. ప్రపంచమంతటను దాని నిల్వలు స్వల్పమగుటచే ఎవరికీయవలయునో, ఎవరికి యాంటీబయాటిక్ మాత్రముతో సరిపుచ్చవలయునో వైద్యుడే నిర్ణయింపవలసివచ్చెడిది. ఆ బాలికకు ముందు అతిస్వల్ప మోతాదుతో పరీక్షించి, అడ్రినలిన్ సూదిని చేరువనుంచుకొని, ప్రతివిషమును మెల్లమెల్లగా ఎక్కించితిమి. కొన్నినాళ్లకు పొర విడిపోయి పిల్ల గంజి మ్రింగగలిగెను. ఆమెతో ఒకే చాపపై పరుండు అన్నదమ్ములందరికిని మందులిచ్చి, టీకాలు వేయించితిమి.

ఇంతకుముందు టీకాలు వేయించితిరా యని తల్లిని దుబాసీ ద్వారా అడుగగా, తమ యూరికి అట్టివి రాలేదని ఆమె చెప్పెను. మయన్మారు 1982 నాటి చట్టము వలన పౌరసత్వమునకు దూరమై, పొరుగు పట్టణమునకు పోవుటకును అనుమతి పత్రము కావలసిన జనులకు టీకా అందకపోవుటలో వింత యేమున్నది? రోగబీజమునకు దారి తీసినది వారి వలస కాదు. వలసకు ముందే వారిని వెలివేసిన పరిపాలనము.

విరేచనముల కథ మరియొకటి. 1971 లో తూర్పు పాకిస్తానము నుండి సుమారు కోటిమంది కాందిశీకులు భారతదేశమునకు వచ్చినప్పుడు, పశ్చిమ వంగములోని బన్‌గావ్ శిబిరములో కలరా రోగులకు సెలైను చాలక, డాక్టర్ దిలీప్ మహలనబీస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీటిని డ్రమ్ములలో నింపి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదివరకు నుండిన మరణములు నాలుగింటికి లోపునకు దిగివచ్చెను. నేడు మన ఆశాకార్యకర్త సంచిలోనుండు ఓ.ఆర్.ఎస్. పొట్లము సామర్థ్యమును లోకమునకు చాటినది ఆ కాందిశీక శిబిరమే.

అయినను ఆ పొట్లముపై నమ్మకము కుదురుట కష్టము. వానకాలమున వాంతులు, విరేచనములతో సోలిపోయిన పిల్లవానిని ఎత్తుకొనివచ్చిన ఆదిలాబాదు తండ్రి యొకడు, "సెలైన్ ఎక్కియ్యకుంట ఉత్తనీళ్లు తాపుమంటున్నరేంది సారూ?" అని నాపై కోపగించెను. కుతుపలాంగ్‌లో మరియొక తండ్రి దుబాసీ నోట సరిగా ఆ ప్రశ్ననే వేసెను. ఇరువురికిని నేను చెప్పిన సమాధాన మొక్కటే: ప్రక్కన కూర్చుండి, పొట్టచర్మము చిటికెతో పట్టి వదలి అది ఎంత మెల్లగా సర్దుకొనుచున్నదో చూపి, చెమ్చా తరువాత చెమ్చాగా తల్లిచేత త్రాగించి, పిల్లవాడు మూత్రము పోయువరకు అచ్చటనే యుంటిని. మనిషి ప్రాణాపాయములోనున్నప్పుడు సూది గొప్పదే. తక్కిన వేళల ఓపికకు మించిన మందు లేదు.

మా ఉత్తర తెలంగాణములోని ఉట్నూరు, జైనూరు, తిర్యాణి ప్రాంతములలో పనిచేసిన యువవైద్యులకు కాందిశీక శిబిరము క్రొత్త లోకము కానేరదు. దుబాసీ లేక రోగి మాట తెలియని ఇక్కట్టు, వాగు పొంగి జీపు ఆగుట, పేరున్న కాగితము లేని రోగి — ఇవన్నియు వారెరిగినవే. విదేశములలో ఇట్టి కొలువునకు పోగోరువారు పెద్ద యంత్రముల పరిచయము లేదని జంకనక్కరలేదు. శిబిరమున అడుగుపెట్టిన దినముననే నీరెచ్చటినుండి వచ్చుచున్నదో, దొడ్డి ఎంత దూరముననున్నదో, పిల్లలకు టీకాలు పడినవో లేవో విచారింప నేర్చిన చాలును.

విదేశమునకు పోలేనివారికి ఇచ్చటనే పని కలదు. 2005 తరువాత ఛత్తీస్‌గఢ్‌లోని కల్లోలమునకు వెరచి గొత్తికోయ గిరిజనులు మన వైపు గోదావరి ఒడ్డు అడవులలో గుడిసెలు వేసికొనిరి. వారి పిల్లలు మన ఆరోగ్యకేంద్రపు గడప త్రొక్కినప్పుడు, ముందు టీకా వేయుడు. ఆధారుకార్డు సంగతి ఆ తరువాత చూచుకొనవచ్చును.